కొత్త ఇంజన్, పాత హౌసింగ్‌లు: క్రౌన్ పినియన్ ఏది వేయాలి?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర ఊరు. బత్తాయి తోట ఉంది. నాన్న కొన్న మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపు, ఫోర్ వీల్ డ్రైవ్‌ది, ఇంకా మా దగ్గరే ఉంది. పాత ఇంజన్ పోతే నిరుడు థార్ 2.5 లీటర్ల సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్, 5 గేర్ల గేర్‌బాక్స్ పెట్టించిన. హై-లో పెట్టె, ముంగట, ఎనక ఇరుసుల హౌసింగ్‌లు పాతవే. రెండూ 5.38 అని మెకానిక్ చెప్పిండు. గేర్‌బాక్స్ ఎక్కించే ముందు చేత్తో తిప్పి లెక్కబెట్టిన: మొదటి గేరు దగ్గర దగ్గర 3.8, ఐదోది 0.8. టైర్లు 235/75 ఆర్ 15. ఫోన్‌లో వేగం చూసుకుంటూ ఐదో గేరులో 80 మీద పోతే ఆర్పీఎం 2550 దాటుతున్నది, లోపల మాట వినపడదు. మొదటి గేరు వేసేలోపే అయిపోతది, రెండోదాంట్లోనే లేపుతున్న. మెకానిక్ 3.73 వేయమంటున్నడు. ఇంకొకాయన దగ్గర 4.27 సెట్టు ఒక్కటే ఉంది, ‘ముంగటిది ఎప్పుడో ఒకసారి వాడేదే కదా, ఎనకది మారిస్తే చాలు’ అంటున్నడు. వారానికోసారి హైదరాబాద్ పోత. తోటలో ట్రాలీ గుంజాలె, ఏటా శ్రీశైలం పోతం. ముందు ముందు 31 అంగుళాల టైర్లు వేయాలని ఉంది. ఏం చేయమంటరు?

జవాబు: తమ్ముడూ, ఏది వేయాలో తర్వాత చెప్తాను, చేయకూడనిది ముందు విను. వెనక హౌసింగ్ ఒక్కదాన్నే మార్చే పని పెట్టుకోకు.

5.38 అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. హౌసింగ్ లోపలి క్రౌన్ వీల్, పినియన్ పళ్ల లెక్క అది. నీ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2 మీటర్ల 24 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఫోర్ వీల్ వేసినప్పుడు హై-లో పెట్టె ముందు షాఫ్టును, వెనక షాఫ్టును ఒకే వేగంతో తిప్పుతుంది. ఈ రెంటి మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ మన జీపుల్లో ఉండదు. వెనక 4.27, ముందు 5.38 పెట్టావనుకో, వెనక చక్రం 2.24 మీటర్లు పోయేంతలో ముందు చక్రం 1.78 మీటర్లే తిరుగుతుంది. అంటే ప్రతి చుట్టుకూ 46 సెంటీమీటర్ల గుంజులాట. బురదలో, ఇసుకలో ఏదో ఒక చక్రం జారి ఆ తేడాను మింగేస్తుంది. గట్టి నేల మీద మింగేవాడు ఉండడు. ఆ బిగువంతా షాఫ్టుల్లో, వాటి కొసల్లో ఉండే క్రాసుల్లో, హై-లో పెట్టె పళ్లలో పేరుకుపోతుంది.

ఇది పుస్తకం చూసి చెప్తున్న మాట కాదు. కొన్నేళ్ల కింద నా జీపు వెనక హౌసింగ్ చెడిపోతే మహబూబ్‌నగర్‌లో ఒక షెడ్డులో పాత హౌసింగ్ తెచ్చి ఎక్కించారు. ముందుది 5.38, తెచ్చింది 4.88. పళ్లు ఎవరూ లెక్కపెట్టలేదు. నెల రోజులు ఏమీ తెలియలేదు. ఒకరోజు డిండి వాగు ఇసుకలో ఫోర్ వీల్ వేసి దాటాను, బండి బాగానే వచ్చింది. గట్టెక్కి సిమెంటు రోడ్డు మీద ఓ యాభై గజాలు పోయేసరికి స్టీరింగ్ బిగుసుకుపోయింది. లివరు లాగితే రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. కొంచెం వెనక్కి తీసి చూద్దామని రివర్స్ వేసి క్లచ్ వదిలేసరికి కింద తుపాకీ పేలినట్టు చప్పుడు. క్రాసు విరిగి ముందు షాఫ్టు ఒక కొస రోడ్డు మీద పడి ఉంది. అక్కడ తేడా చుట్టుకు 20 సెంటీమీటర్లు. నీకు చెప్తున్నది అంతకు రెట్టింపు పైనే.

వెనకది ఈ వారం, ముందుది వచ్చే నెల అనుకుంటే ఒకటే దారి: ముందు చక్రాలకు పోయే షాఫ్టు విప్పి ఇంట్లో పెట్టు. లివరు ముట్టుకోనులే అనుకోవద్దు, ఆపదలో చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది.

ఇక అసలు సంగతి. 5.38 అనేది ఆ జీపుకు ఎందుకు వచ్చిందో తెలిస్తే, ఇప్పుడు అది ఎందుకు అతకడం లేదో నీకే తెలుస్తుంది. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టారు. యుద్ధకాలపు జీపుకు 4.88 ఉండేది. తర్వాత రైతుల కోసం తెచ్చిన సీజే (సివిలియన్ జీప్) బండ్లకు 5.38 పెట్టారు, దుక్కి దున్నాలి, బరువు లాగాలి అని. ఆ బండ్లకు మూడే గేర్లు, టాప్ గేరు ఒకటికి ఒకటి, ఓవర్‌డ్రైవ్ లేదు. తర్వాత వచ్చిన ప్యూజో రకం 2.1 లీటర్ల డీజిల్‌కూ కింద బలం తక్కువే. ఇంజన్‌లో లేని బలాన్ని హౌసింగ్ పళ్లతో తెచ్చుకున్నారన్నమాట.

నువ్వు పెట్టిన సీఆర్‌డీఈ అలాంటిది కాదు. థార్‌లో అది 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చేది, ఆ టార్కు కూడా 1800 నుంచి 2000 ఆర్పీఎం మధ్యే వచ్చేస్తుంది. పాత ఇంజన్‌కు రెట్టింపుకు దగ్గరగా బలం. ఆ బలం మొత్తం ఇప్పుడు షాఫ్టు కొసన ఉండే 8 పళ్ల చిన్న టెయిల్ పినియన్ మీద పడుతోంది. 5.38 అంటే క్రౌన్ వీల్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8. అదే 4.27లో 47, 11. పినియన్ లావుగా ఉంటుంది, ఒకేసారి ఎక్కువ పళ్లు పట్టుకుంటాయి. వేగం సంగతి పక్కన పెట్టినా బలమైన ఇంజన్‌కు ఇదొక మేలు.

లెక్క చూద్దాం. ఒక చుట్టుకు 2.24 మీటర్లయితే 80 మీద చక్రం నిమిషానికి 595 చుట్లు తిరుగుతుంది. దాన్ని హౌసింగ్ రేషియోతో, తర్వాత ఐదో గేరు 0.8తో గుణిస్తే ఇంజన్ వేగం వస్తుంది. 5.38తో 2560. నీ మీటరు చూపించేది కూడా అదే కాబట్టి వెనకది నిజంగా 5.38 అని తేలిపోయింది. 4.88 అయ్యుంటే 2320 చూపించేది. ఫోన్‌లో వేగం చూసి రాయడం మంచి పని చేశావు, స్పీడోమీటరును నమ్మి ఉంటే ఈ లెక్క కుదిరేది కాదు.

4.27 వేస్తే అదే 80 మీద 2030. ఈ మాత్రం తగ్గినంతలో ఏమవుతుంది అనుకోకు, క్యాన్వాస్ బండిలో 500 ఆర్పీఎం తగ్గితే పక్కవాడి మాట వినపడుతుంది. పైగా అది ఇంజన్ బలం ఉండే చోటికి సరిగ్గా అంచున నిలబడుతుంది. మల్లేపల్లి దాటాక ముందున్న లారీని దాటాలంటే గేరు మార్చకుండానే తొక్కొచ్చు. 100 మీద 2540 వస్తుంది, కానీ ఆ జీపును 100 మీద తోలమని నేను చెప్పను. పాత 540లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బేరింగుల మీద, స్ప్రింగు కట్టల మీద అంత నమ్మకం పెట్టే బండి కాదది.

మీ మెకానిక్ చెప్పిన 3.73తో 80 మీద 1776 వస్తుంది. ఖాళీ బండికి, సాఫు రోడ్డుకు బాగానే ఉంటుంది, ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదు. కానీ నువ్వు 31 అంగుళాల టైర్లు వేస్తానంటున్నావు. అప్పుడు చుట్టుకు 2.40 మీటర్లవుతుంది, 80 మీద ఆర్పీఎం 1658కి పడిపోతుంది. ఇంజన్ బలం మొదలయ్యేదే 1800 దగ్గర. ఐదో గేరు ఊరికే ఉంటుంది, ఎదురుగాలి వచ్చినా చిన్న ఎక్కుడు వచ్చినా నాలుగుకు దించాలి. డబ్బు పెట్టి ఒక గేరును పోగొట్టుకున్నట్టు. అదే 4.27తో 31 టైర్లకు 1900 వస్తుంది. ఇప్పటి టైర్లకూ, రేపటి టైర్లకూ రెంటికీ కూర్చునే రేషియో అదొక్కటే. నీ మాటల్లో 33 అంగుళాలు వచ్చి ఉంటే 4.88 చెప్పేవాణ్ణి. అందుకే ఎవరు అడిగినా ముందు టైరు తేల్చుకోమంటాను, పళ్లు తర్వాత.

3.73కి ఇంకో చిక్కు ఉంది. డానా 44 రకం హౌసింగ్‌లలో 3.73, అంతకు తక్కువ రేషియోలకు ఒక కేజ్ (క్రౌన్ వీల్‌ను బిగించే డిఫరెన్షియల్ గూడు), 3.92 నుంచి పైకి వేరే కేజ్. 5.38 నుంచి 4.27కి వస్తే ఉన్న కేజ్ మీదే క్రౌన్ వీల్ కూర్చుంటుంది. 3.73కి పోతే కేజ్ కూడా వెతకాలి. క్రౌన్ పినియన్ దొరికిందని కొని ఇంటికి తెచ్చుకున్నాక ఆ కేజ్ దొరక్క నెలల తరబడి బండిని ఇటుకల మీద నిలబెట్టినవాళ్లున్నారు. కొనే ముందే రెండు హౌసింగ్‌లూ తెరిచి కొలతలు సరిపోల్చుకోవాలి. ముందు హౌసింగ్ వెనకదానికన్నా చిన్నది, దాని సెట్టు వేరు. వెనకది తెచ్చి ముందు వేయడం కుదరదు.

నీకున్న భయం నేను ఊహించగలను. పళ్లు మారిస్తే తోటలో గుంజే బలం పోతుందేమో అని. ఇదిగో చూడు. తాతల కాలం నాటి మూడు గేర్ల జీపులో మొదటి గేరు 2.798, హై-లో పెట్టెలో లో 2.46, హౌసింగ్ 5.38. మూడూ గుణిస్తే 37. అంటే ఇంజన్ 37 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగేది. వాటితోనే దుక్కులు దున్నారు, అడవుల్లో దుంగలు లాగారు. నీ గేర్‌బాక్స్ మొదటి గేరు 3.8. దానికి అదే పాత పెట్టె 2.46, హౌసింగ్ 4.27 కలిపితే దాదాపు 40. పాత జీపు కన్నా నీదే నెమ్మదిగా పాకుతుంది, అదీ దాదాపు రెట్టింపు బలమున్న ఇంజన్‌తో. 800 ఆర్పీఎం మీద ఐడ్లింగ్‌లో వదిలేస్తే బండి గంటకు 2.7 కిలోమీటర్లు పోతుంది. నీళ్ల కాలవ దాటేటప్పుడు ఎవరైనా దిగి పక్కన నడిస్తే వాళ్ల నడక బండికన్నా ముందుంటుంది. ఇప్పుడున్న 5.38తో ఈ లెక్క 50. అంత నీ తోటలో అక్కర్లేదు. మొదటి గేరు పనికిరాకుండా పోవడానికి కారణం కూడా ఇదే. మామూలు రోడ్డు మీద హైలో, మొదటి గేరు 2500 ఆర్పీఎం దాకా లాగినా గంటకు 16 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 4.27తో అది 20 దాటుతుంది, మళ్లీ మొదటి గేరులోనే లేపుతావు.

అయితే ఏదీ ఊరికే రాదు. శ్రీశైలం పోయేటప్పుడు తెలుస్తుంది. మన్ననూరు దాటి అడవిలో పోతున్నంతసేపు బాగానే ఉంటుంది. దోమలపెంట దగ్గర ఘాటు దిగి, కృష్ణా దాటి అవతల ఎక్కేటప్పుడు ఇప్పుడు నాలుగో గేరులో 50 మీద పోతున్నావనుకో, ఇంజన్ 2000 దగ్గర ఉంటుంది. 4.27 వేశాక అదే వేగానికి 1590. ఇంట్లోవాళ్లంతా ఎక్కి, సామాను ఉంటే మూడో గేరుకు దించాలి. దించు. గేరు దించడానికి బద్ధకించి యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఇంజన్ వేడెక్కుతుంది. బత్తాయి ట్రేలతో ట్రాలీ కట్టి ఎత్తు ఎక్కేటప్పుడు కూడా లో వేయడానికి వెనకాడకు. గట్టి రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ లో వద్దు, పైన చెప్పిన గుంజులాట రెండు రేషియోలూ ఒకటే ఉన్నా మలుపుల్లో కొద్దిగా ఉంటుంది.

డబ్బు పెట్టేముందు ఇంకొకటి చూడు. నువ్వు చెప్పే మోత అంతా ఇంజన్‌దేనా? 5 గేర్ల గేర్‌బాక్స్ పాతదానికన్నా పొడవు. హై-లో పెట్టె వెనక్కి జరిగి ఉంటుంది, వెనక షాఫ్టు పొట్టిదై దాని వాలు పెరిగి ఉంటుంది. ఇప్పుడు 80 మీద ఆ షాఫ్టు నిమిషానికి 3200 తిరుగుతోంది. ఖాళీ రోడ్డు మీద 80కి పోయి క్లచ్ తొక్కి పట్టుకో, ఇంజన్ ఐడ్లింగ్‌కు పడిపోతుంది. మోత పోతే ఇంజన్‌ది. సీటు కింద గజగజ అలాగే ఉంటే షాఫ్టుది, దాన్ని బ్యాలెన్స్ చేయించి, వాలు సరిచేయించాలి. 4.27 వేస్తే షాఫ్టు 2540కి తగ్గుతుంది కాబట్టి కొంత అణుగుతుంది గానీ వంకర వాలు క్రాసులను తింటూనే ఉంటుంది.

బిగించే పని దగ్గర నువ్వు పక్కన నిలబడు. ఇది చెప్పినంత తేలిక పని కాదు, ఊరికే బోల్టులు బిగిస్తే అయిపోయేది కాదు. క్రౌన్ వీల్, పినియన్ ఒకదానితో ఒకటి అరగదీసి జతగా తయారుచేస్తారు, రెంటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. పాత సెట్టు కొంటే ఆ నంబర్లు కలుస్తున్నాయా చూడు. కలవకపోతే ఎంత చవకగా వచ్చినా వదిలేయ్. బేరింగులు కొత్తవే వేయించు. పళ్ల మీద నీలి రంగు రాసి తిప్పితే పళ్లు ఎక్కడ తగులుతున్నాయో కనపడుతుంది. ఆ మచ్చ పంటి మధ్యలో పడాలి, అంచుకు పోతే షిమ్ములు (సందు సరిచేసే సన్నటి వాషర్లు) మార్చి మళ్లీ చూడాలి. క్రౌన్ వీల్ ప్లే (పళ్ల మధ్య వదులు) 0.10 నుంచి 0.23 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, చేత్తో కదిపి ‘సరిపోయింది’ అనే మెకానిక్‌కు ఈ పని ఇవ్వకు. ఆ వదులును కొలిచే డయల్ గేజ్ ఉన్న చోటే చేయించు, కొంచెం దూరమైనా సరే. ఓపిక లేని చేతుల్లో కొత్త సెట్టు కూడా వెయ్యి కిలోమీటర్లకే ఏడుపు మొదలుపెడుతుంది.

వేశాక మొదటి రోజు ఇరవై ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా తోలి బండిని పూర్తిగా చల్లారనివ్వు. అలా రెండు మూడు సార్లు. మొదటి 800 కిలోమీటర్లు ట్రాలీ కట్టకు. తర్వాత ఆయిల్ దించేసి కొత్త 80-90 జీఎల్-5 పోయించు. దిగిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి చూడు. సన్నటి మెరుపు ఉంటే మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే హౌసింగ్ మళ్లీ తెరవాలి.

స్పీడోమీటరు సంగతి మర్చిపోకు. దాని కేబుల్ హై-లో పెట్టె నుంచి వస్తుంది, హౌసింగ్‌లో పళ్లు మారాయని దానికి తెలియదు. ఇప్పుడు సరిగ్గా చూపిస్తున్నా, 4.27 వేశాక నువ్వు 80 మీద పోతుంటే అది 63, 64 చూపిస్తుంది. ఉన్నదానికన్నా తక్కువ చూపించడం ప్రమాదం. కేబుల్ గేరు మార్పించేదాకా ఫోన్ పక్కన పెట్టుకుని తోలు. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించావా లేదా రాయలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ కింద దానికి అనుమతి ఉండాలి. లేకుంటే ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే.

ఇక మిగిలింది ముందు హౌసింగ్. వెనకది 5.38 అని నీ మీటరే చెప్పింది, ముందుదానికి మాత్రం మెకానిక్ మాట తప్ప సాక్ష్యం లేదు. ముందు రెండు చక్రాలూ జాకీ మీద లేపి, ఫ్రీ వీల్ హబ్బులుంటే లాక్ చేయి. హై-లో లివరు టూ వీల్‌లో ఉంచు. ఒక చక్రాన్ని ఒకరు కదలకుండా పట్టుకోవాలి. రెండో టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో ఒక్కో గీత గీసి, ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు. షాఫ్టు గీత ఐదు చుట్లు దాటి ఆరో చుట్టులో మూడో వంతు పైన ఆగితే అది 5.38. ఐదో చుట్టు పూర్తి కాకముందే, చుట్టులో ఎనిమిదో వంతు ఉందనగా ఆగిందంటే 4.88. రెండోదే వస్తే ఇన్నాళ్లూ నేను తోలినట్టే నువ్వూ రెండు రకాల పళ్లతో తోలుతున్నావు. ఆ షాఫ్టు ఆరోజే విప్పేసి, ముందు సెట్టు 4.27 దొరికేదాకా ఫోర్ వీల్ మాట ఎత్తకు. గీత ఎక్కడ ఆగిందో నాకు రాయి.